ఓడకట్టు విద్యకు విశ్వవిద్యాలయ మేల?

తెలుగు బోధించి జీవించినవానికి ఓడలతో నేమి ప్రసక్తి యని శ్రోతలు శంకింపవచ్చును. శంక న్యాయమైనదే. నేను ముప్పదియేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలో సంధులు, సమాసములు, ఛందస్సు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. బాల్యమున గురువుగారి యింట అమరము వల్లించితిని గాని, యంత్రశాలలో నడుగు పెట్టి యెరుగను. అయినను కొన్ని సంవత్సరములుగా నౌకానిర్మాణమును గూర్చి నాకు చిక్కిన గ్రంథములను శ్రద్ధతో చదువుచున్నాను. ఇందుకు కారణము నా పూర్వశిష్యు డొకని తండ్రి నన్నడిగిన ప్రశ్న.

వారిది గోదావరీ ముఖమున నున్న తాళ్ళరేవు ప్రాంతము. కొయ్య యోడలు కట్టుటకు పేరుపొందిన తావు. కుమారుడు నౌకానిర్మాణ విద్యలో పట్టమునకు చదువగోరెను. తండ్రికది రుచింపలేదు. "పంతులుగారూ, ఓడ కట్టడం వడ్రంగిపని, కమ్మరిపని. మా పెద్దవాళ్ళు ఏ కాలేజీలో చదివి కట్టారండీ? వీడు నాలుగేళ్ళు బల్లముందు కూర్చుని నేర్చుకునేదేమిటి?" అని యాయన యడిగెను. ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. చదువనివారు ఓడలు కట్టలేదా? కట్టిరి. ఆ యోడలు సముద్రములు దాటలేదా? దాటినవి. రెండవ శతాబ్దమున యజ్ఞశ్రీ శాతకర్ణి ముద్రించిన నాణెములమీద రెండు కొయ్యల యోడ బొమ్మ నేటికిని కనబడుచున్నది. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున అభయశాసనము వేయించి, తుపానులో చిక్కి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన యోడల సరకును పూర్వరాజులవలె హరింపక, సుంకము మాత్రమే గైకొందునని వర్తకులకు మాట యిచ్చెను. కోరంగి రేవు 1839 తుపానుకు దెబ్బతినువరకు ఓడల కానుపట్టు. వీరందరి యోడలను కట్టినవారు చేతిపనివారే.

వ్యాకరణము చదివినవారికి లక్ష్య లక్షణముల సంబంధము తెలిసినదే. లక్ష్యము ముందు, లక్షణము వెనుక. జనులు మాటలాడిన పిదపనే వ్యాకరణము పుట్టినది. కవులు పద్యములు చెప్పిన పిదపనే ఛందశ్శాస్త్రము పుట్టినది. ఓడయు నట్లే. మొదట ఓడలు, పిదప ఓడలశాస్త్రము. కాని యొక భేదమున్నది. పద్యమున యతి తప్పినచో విన్నవారు నవ్వుదురు. ఓడలో లెక్క తప్పినచో మనుష్యులు మునుగుదురు.

మన సంస్కృత వాఙ్మయమున నీ విషయమున లక్షణగ్రంథము లేకపోలేదు. ధారానగరాధీశుడైన భోజుని పేర నున్న యుక్తికల్పతరువున నౌకలకు సామాన్య, విశేష భేదములు, నిడివి, వెడల్పు, ఎత్తు కొలతలు చెప్పబడినవి. కొన్ని కొలతల యోడలు అశుభము లనియు చెప్పబడినది. అయస్కాంత శిలలు లాగివేయునన్న భయముచే సముద్రమున పోవు నోడల పలకలను ఇనుముతో బంధింపరాదనియు నున్నది. ఇంత చెప్పిన గ్రంథము ఒక్క విషయమున మౌనము వహించినది. ఈ కొలత శుభ మేల, ఆ కొలత అశుభ మేల? సిద్ధాంత జ్యోతిషమున ప్రతి సూత్రమునకు ఉపపత్తి యడుగుదురు; ఇచట ఉపపత్తి కానరాదు. బహుశః ఆ "అశుభము" లన్నియు పూర్వము బోల్తాపడిన యోడల జ్ఞాపకములై యుండును. ఇది నా యూహ మాత్రమే. పెద్దల యనుభవము కొలతగా నిలిచినది గాని, కారణముగా నిలువలేదు. ఓడ యాకారము కొంచెము మారినను, బరువు కొంచెము పైకి జరిగినను ఆ కొలత పనికిరాదు.

ఈ లోపము మనది మాత్రమే కాదు. స్వీడను దేశపు రాజు గుస్టావ్ అడాల్ఫ్ 64 ఫిరంగులతో వాసా యను యుద్ధనౌకను కట్టించెను. బయలుదేరుటకు ముందు, ఓడ రేవులో నున్నపుడే, 30 మంది నావికులను డెక్కుమీద ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు, ఆ ప్రక్కనుండి ఈ ప్రక్కకు పరుగెత్తించి చూచిరి. మూడవ పరుగునకే ఓడ భయంకరముగా నూగెను. అధికారి పరీక్షను నిలిపివేసెను. అయినను 1628 ఆగష్టు 10వ తేదీన తెరచాప లెత్తిరి. వాసా సుమారు 1300 మీటర్లు పోయి, ఒక చిన్న గాలివిసురునకు ప్రక్కకు వ్రాలి, ఫిరంగుల కిటికీలలో నీరు దూరి, స్టాక్‌హోము నగరప్రజలు చూచుచుండగనే మునిగిపోయెను. విచారణ జరిగెను, ఎవనికిని శిక్ష పడలేదు. పనివారు రాజాజ్ఞ ప్రకారము కట్టితిమనిరి. ప్రధానశిల్పి యంతకుముందు సంవత్సరమే గతించెను. ఆ యోడను 1961లో పైకి తీసిరి. నేడు ఆ నగరమందే ప్రదర్శనశాలలో నున్నది.

ఈ కథలో నన్ను కలవరపెట్టినది ఓడ మునుగుట కాదు, పరీక్ష జరుగుట. ఓడ యూగుట కన్నులార చూచినవారుండిరి. ఎంత యూగిన ప్రమాదము, ఎంత యూగిన ప్రమాదము కాదు అని యంకెతో చెప్పగలవాడు ఆ రేవులో నొక్కడును లేడు. అంకె లేనిచోట అధికారమే గెలుచును.

ఆ యంకెను కనిపెట్టినవాడు పియర్ బూగే యను ఫ్రెంచి విద్వాంసుడు. భూమి యాకారమును కొలుచుటకై ఆయన 1735లో దక్షిణ అమెరికాకు పోయి, ఆండీస్ పర్వతప్రాంతమున నేండ్లతరబడి యుండెను. ఓడలనుగూర్చిన తన మహాగ్రంథమును చాలవరకు ఆ కొండలమీదనే వ్రాసెనట! ఆ గ్రంథము 1746లో వెలువడినది. అందలి ముఖ్యవిషయమును తంజావూరు బొమ్మతో చెప్పవచ్చును. ఆ బొమ్మను ప్రక్కకు త్రోసిన మరల లేచి నిలుచును గదా. అడుగు గుండ్రము, బరువు అడుగున. ఆ గుండ్రని యడుగునకు కేంద్రమైన బిందువుకంటె బరువు క్రింద నున్నంతకాలము బొమ్మ లేచును. బొమ్మ తలపై సీసపుగుండు నంటించి చూడుడు. త్రోసిన తోడనే పడుకొనును. ఓడకును నిట్టి బిందు వొకటి యున్నది. ఓడ ప్రక్కకు వ్రాలినపుడు, నీరు దానిని పైకెత్తు బలము వ్రాలిన ప్రక్కకు జరుగును. ఆ బలము పోవు నిలువుగీత ఓడ నడిమిగీతను ఎచట ఖండించునో ఆ బిందువునకు మెటాసెంటరు అని పేరు. ఓడ బరువు కేంద్రము దానికి క్రింద నున్నచో ఓడ లేచును; పైన నున్నచో బోల్తాపడును. నేను దీనికి "డోలాకేంద్రము" అని పేరు పెట్టి నా శిష్యునికి వినిపించితిని. వాడు మర్యాదగా నవ్వి, తమ తరగతిలో అందరును "జీ.ఎమ్." అనియే యందురని చెప్పెను. జీ.ఎమ్. అనగా ఆ రెండు బిందువుల నడిమి దూరము.

ఆ దూరమును కొలుచు విధము కూడ మిక్కిలి సరళము. తెలిసిన బరువును డెక్కుమీద ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు తెలిసినంత దూరము జరుపుదురు. ఓడలో వ్రేలాడదీసిన పొడుగైన లోలకము ఎంత ప్రక్కకు పోయెనో చూతురు. అంతే, మిగిలినది గణితము. వాసా రేవులో పరుగెత్తిన 30 మంది చేసినది ఈ పరీక్షయే. లెక్క మాత్రము లేదు.

ఇంకొక చిత్రమున్నది. జీ.ఎమ్. ఎక్కువైన ఓడ బిరుసుగా తటాలున నూగును. ప్రయాణికులకు వాంతులగును, సరకులు దొర్లును. తక్కువైన ఓడ ఉయ్యెలవలె మెల్లగా, సుఖముగా నూగును. అనగా మేనికి హాయి యనిపించు నోడయే మృత్యువునకు దగ్గరగా నుండవచ్చును. ముప్పదియేండ్లు సముద్రముమీద తిరిగిన సరంగును అడిగినను, తన శరీరానుభవముచే ఆ మెత్తని యోడనే మెచ్చుకొనవచ్చును. కన్ను మోసపుచ్చును, మేను మోసపుచ్చును. ఇందులకు శాస్త్రము కావలెను.

శాస్త్రము పుట్టినంతమాత్రమున అందరు దానిని వినిరని తలపరాదు. ఫ్రాన్సులో 1741లోనే రాజు నోడశిల్పులకు పారిసు నగరమున పాఠశాల తెరచిరి. ఇంగ్లండులో 1811లో పోర్ట్స్‌మౌతునందు ఒక పాఠశాల పెట్టి మూసిరి. 1848లో మరియొకటి పెట్టి మూసిరి. 1864లో మూడవది పెట్టిరి. రేవులలోని పాతకాపులకు చదివిన కుర్రవాండ్రనిన చులకన. ఇంతలో 1870 వచ్చెను. కవుపర్ కోల్సు అను నావికాధికారి తిరుగు గోపురములలో ఫిరంగులు పెట్టిన క్రొత్తరకపు ఓడను తాను కట్టింతు ననెను. ప్రభుత్వ ప్రధాన నౌకాశిల్పి ఎడ్వర్డు రీడ్ ఆక్షేపించెను. పత్రికలు, పార్లమెంటు సభ్యులు కోల్సు పక్షము వహించిరి. ఓడ కట్టబడెను, దానికి కాప్టెన్ అని పేరు. నీటిపై 8 అడుగుల యెత్తుండవలసిన దాని ప్రక్కగోడ, కట్టుటలో బరువు పెరిగినందున, సుమారు ఆరున్నర అడుగులే తేలెను. పైన మాత్రము బ్రహ్మాండమైన తెరచాప కొయ్యలు. మొదటి యాత్రలలో నది చక్కగా నడచి మెప్పు పొందినది. నౌకాశాఖ మంత్రి చిల్డర్సు, ఆ యోడపై నమ్మకముతో, మోనార్కు అను మరియొక యోడలో నున్న తన కుమారుని దీనిలోనికి మార్పించెను.

ఆ వేసవిలోనే ఓడను వంచి చూచిన పరీక్ష జరిగెను. లెక్క తేలినది: కాప్టెన్ సుమారు 54 డిగ్రీలు వ్రాలినచో ఇక లేవదు. మోనార్కునకు ఆ హద్దు సుమారు 70 డిగ్రీలు. ఆ లెక్క ఓడలోని వారికి ఉపయోగపడలేదు. 1870 సెప్టెంబరు 7వ తేదీ తొలిజామున, స్పెయిను తీరమున ఫినిస్టెర్రె యగ్రమునకు దూరమున, గాలివానలో కాప్టెన్ బోల్తాపడెను. సుమారు 480 మంది మరణించిరి. వారిలో కోల్సు ఒకడు, మంత్రికుమారు డొకడు. అదే రాత్రి, అదే గాలిలో, అదే దండుతో పోవుచుండిన మోనార్కు క్షేమముగా నుండెను. ప్రజాభిప్రాయమునకు లోబడి, శాఖలోని నిపుణుల మతమునకు విరుద్ధముగా ఆ యోడ కట్టబడెనని విచారణసభ తీర్పు చెప్పెను. తండ్రి పుత్రప్రేమతోనే కుమారుని మార్పించెను; రెండు ఓడలలో నేది సురక్షితమో చూపునకు తెలియదు.

విశ్వవిద్యాలయము కథలోనికి వచ్చుట గ్లాస్గో నగరమున. క్లైడు నదికి రెండుప్రక్కల ఓడశాలలు క్రిక్కిరిసిన కాలమది. అందొక ప్రసిద్ధమైన శాలకు జాన్ ఎల్డర్ యజమాని. ఆయన 1869లో నలుబదియైదేండ్ల వయసున మరణించెను. భార్య ఇజబెల్లా ఎల్డర్ కొన్నినెలలు ఆ మహాశాలను తానే నడిపి, పిదప భాగస్వాముల కప్పగించెను. 1883లో ఆమె 12,500 పౌనులు విశ్వవిద్యాలయమున కిచ్చి, నౌకానిర్మాణ శాస్త్రమునకు ఆచార్యపీఠము నెలకొల్పించెను. ప్రపంచమున నీ శాస్త్రమునకు విశ్వవిద్యాలయమున వెలసిన మొదటి పీఠ మదియే. స్త్రీల యున్నతవిద్యకై ఆ నగరమున నొక భవనమును కొని యిచ్చిన యుదారురాలును ఈమెయే. పెద్ద ఓడశాల యజమానురాలికి పనివారి నేర్పు తెలియక కాదు. ఆ నేర్పునకు హద్దెచటనో తెలిసియే ఈ పని చేసినదని నా నమ్మకము.

ఆ సంవత్సరమే, జూలై 3వ తేదీన, ఆ నదిమీదనే, డాఫ్నీ యను చిన్న యోడను నీటిలోనికి జారవిడిచిరి. పని త్వరగా ముగించుటకై సుమారు 200 మంది పనివారు లోపలనే యుండిరి. ఓడ నీటిని తాకి, ప్రక్కకు వ్రాలి, క్షణములలో బోల్తాపడెను. 124 మంది చనిపోయిరి. వారిలో పసివయసు కుర్రవాండ్రు నుండిరి. విచారణ చేసినవాడు పదుమూడేండ్ల క్రిందట కాప్టెన్ విషయమున ఆక్షేపించిన ఆ ఎడ్వర్డు రీడే. కట్టినవారు సోమరులు కారు, మోసగాండ్రు కారు. ఖాళీ యోడ లోతు తక్కువ నీటిలో నెంత స్థిరముగా నుండునో, జరుగగల బరువు లెన్ని యున్నవో ముందుగా లెక్కించు వాడుక ఆనాటి ఓడశాలలకు లేకపోయెను. ప్రపంచమున నంతటి నేర్పరులైన పనివారు మరియెచటను లేరని పేరుపొందిన నదిమీద నిది జరిగినది. తాళ్ళరేవు పెద్దమనిషికి నేను చెప్పిన కథ యిదియే.

గ్లాస్గో పద్ధతిలో నాకు మిక్కిలి నచ్చినది వేరొకటి. అచట విద్యార్థులు శీతకాలమున విశ్వవిద్యాలయమున చదివి, వేసవియందు ఓడశాలలలో పనిచేయుచుండిరి. నవంబరులో సింప్సను సూత్రముతో ఓడ ప్రక్కల వైశాల్యము లెక్కించిన చేతులే మేనెలలో రివెట్ల నడుమ, మసినడుమ నుండును. ఓడ యాకారపు వంపుగీతలు గీయుటకు వారు పలుచని వంగుబద్దను సీసపు దిమ్మలతో నొక్కిపట్టి గీయుచుండిరి. దానికి స్ప్లైన్ అని పేరు. నేడు గణితజ్ఞులు, కంప్యూటరులు వంపుగీతలకు వాడు "స్ప్లైన్" అను మాట ఆ బద్ద పేరే. పనివాని కొయ్యముక్క గణితమున పారిభాషిక పదమైనది! శబ్దముల వంశచరిత్ర వెదకువానికి ఇంతకంటె పండుగ యేమి?

నీటిలో ఓడను త్రోయుటకు ఎంత బలము కావలెనన్న ప్రశ్నకు సమాధానము చెప్పినవాడు విలియం ఫ్రూడ్. ఆయన 1872లో టార్కీ పట్టణమున, తన యింటి చెంతనే, పొడుగైన నీటితొట్టి కట్టించి మైనపు నమూనాలను లాగించి చూచెను. ఓడలో ఇరువదియైదవ వంతు పొడవున్న నమూనాను, ఓడ వేగములో నైదవవంతు వేగముతో లాగవలెను. అపుడు రెండును లేపు అలలు ఒక్క తీరున నుండును. 100 మీటర్ల ఓడకు 4 మీటర్ల నమూనా. నీటి రాపిడిని మాత్రము వేరుగా లెక్కకట్టవలెను. ఈ చిన్న నియమము తెలియకముందు, ఓడ కట్టి సముద్రమున విడిచినగాని అది యెంత బొగ్గు తినునో ఎవరికిని తెలియకుండెను.

బొగ్గు మాట వచ్చినది కనుక రెండవ శాస్త్రమును గూర్చి చెప్పెదను. నౌకానిర్మాణము వేరు, నౌకాయంత్రశాస్త్రము వేరు. మొదటిది చదివినవాడు ఓడను రూపొందించును. రెండవది చదివినవాడు ఓడతో పోయి యంత్రమును కాపాడును. ఇజబెల్లా భర్త జాన్ ఎల్డర్ 1854లో బ్రాండన్ అను ఓడలో అమర్చిన జంట యంత్రమున, ఒకమారు పనిచేసిన ఆవిరి మరియొక పెద్ద సిలిండరులో రెండవమారు పనిచేయును. బొగ్గు నూటికి ముప్పదివంతులు ఆదా యయ్యెను. అంతకుముందు దూరప్రయాణమునకు పోవు పొగయోడ సరకు పట్టవలసినచోట బొగ్గే పట్టవలసివచ్చుచుండెను. పిదప పార్సన్సు టర్బైను, 1912లో సెలాండియా యను డీసెల్ ఓడ. ఆ సంవత్సరమే టైటానిక్ మునిగినపుడు, దీపములు వెలుగునట్లు కడవరకు యంత్రములకడ నిలిచిన ఇంజనీర్లలో ఒక్కడును బ్రతుకలేదు. ఈ విద్యకు పంపు తల్లిదండ్రులకు నేనిది దాచి చెప్పను. ఇది పట్టము పుచ్చుకొని నీడపట్టున కూర్చుండు చదువు కాదు. పట్టము వచ్చినను, సముద్రముమీద పనిచేసిన కాలము చూపి, ప్రభుత్వ పరీక్షలలో మెట్టుమెట్టుగా నుత్తీర్ణుడైనగాని చీఫ్ ఇంజనీరు కాజాలడు.

ఇక మన దేశము. హెన్రీ డయర్ అను గ్లాస్గో పట్టభద్రుడు 1873లో, తన యిరువదియైదవ యేట, జపాను రాజధానిలో ఇంజనీరింగు కళాశాలకు అధ్యక్షుడయ్యెను. జపానువారు ఆయన ద్వారమున విద్య నేర్చి, తమ పిల్లలను గ్లాస్గోకు పంపి, తిరిగివచ్చినవారిచే తామే చెప్పించుకొనిరి. మనకు ఆ భాగ్యము ఆలస్యమైనది. సింధియా కంపెనీవారి ఓడశాలకు విశాఖపట్టణమున 1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. 1948 మార్చి 14వ తేదీన, స్వతంత్ర భారతమున నిర్మితమైన 8,000 టన్నుల జల ఉషను నెహ్రూగారు నీటిలోనికి విడిచిరి. కాని మన ఓడలను మన పిల్లలే రూపొందించుటకు చదువుకొను తావు? నౌకాయంత్రవిద్యకు 1949లో ప్రభుత్వ శిక్షణాలయము వెలసినది. నౌకానిర్మాణమునకు 1952లో ఖరగపూర్ ఐ.ఐ.టి.లో శాఖ తెరచిరి. అనగా ఇజబెల్లా ఎల్డర్ దానమునకు సరిగా 69 ఏండ్ల తరువాత. ఓడశాల ముందు, విద్యాశాల వెనుక; లక్ష్యము ముందు, లక్షణము వెనుక.

ఆ తరువాత కొచ్చి విశ్వవిద్యాలయమున, మద్రాసు ఐ.ఐ.టి.లో, మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఈ విద్యలు వెలసినవి. 2008లో ఏర్పడిన భారత సాగర విశ్వవిద్యాలయమునకు విశాఖలో ఒక ప్రాంగణమున్నది. ఆ నగరమందే రక్షణశాఖవారి ప్రయోగశాలలో 500 మీటర్ల పొడవైన నీటితొట్టి యున్నది. ఫ్రూడు టార్కీలో చేసిన పనియే అచట నేడు మహాపరిమాణమున జరుగుచున్నది. ఓడశాల, తొట్టి, పాఠశాల, రేవు, నౌకాదళము, అన్నియు నొక్క నగరమున. 2022 సెప్టెంబరు 2వ తేదీన నౌకాదళమున చేరిన సుమారు 45,000 టన్నుల విక్రాంతను రూపొందించినవారు మన నౌకాదళపు శిల్పులే. కట్టినది కొచ్చి ఓడశాల. కావున మనకు చేతగాదన్నమాట చెల్లదు.

చేతనగునన్నంత మాత్రమున బాగున్నదనియు చెప్పజాలను. ప్రపంచమున కట్టబడు ఓడలలో మన భాగము నూటికి ఒకవంతు కూడ లేదు. చైనా, కొరియా, జపాను దేశములే దాదాపు అన్నియు కట్టుచున్నవి. ఓడ రూపొందించుట చదివి కంప్యూటరు కొలువులలో చేరినవారు నాకు తెలిసినవారిలోనే ముగ్గురున్నారు. వారిని తప్పు పట్టను, కుటుంబములు నడువవలెను. నా శిష్యుడు చదివిన విద్యాలయములో, నాలుగేండ్ల కాలమున పిల్లలను ఓడశాలకు తీసికొనిపోయినది రెండు వేసవులందు కొలది వారములు. అదియును చేతులు వెనుకకు కట్టుకొని చూచి వచ్చుటకే. వెల్డింగు పలక వేడికి ఎటు వంకరపోవునో వాడు పుస్తకమున చదివెను. పట్టము వచ్చి కొలువున చేరిన పిదపనే చూచెను. గ్లాస్గోవారు నూటనలుబదేండ్ల క్రిందట కూర్చిన జంటను మనము విడదీసితిమి. ఆ ఓడశాలలోని పాతపనివారు వానిని "బుక్కుబాబు" అని పిలిచిరట. పోర్ట్స్‌మౌతు పాతకాపుల చులకనయే, తెలుగు వేషములో!

ఆ గ్లాస్గో పీఠము గతి యేమైనదని మీరడుగవచ్చును. క్లైడు తీరమున ఓడశాలలు చాలవరకు మూతబడినవి. 2001లో ఆ విశ్వవిద్యాలయపు నౌకాశాఖను అదే నగరమందలి స్ట్రాత్‌క్లైడు విశ్వవిద్యాలయపు శాఖతో కలిపిరి. విద్య నిలిచినది. అచట నేడు చర్చించునది ఆవిరిని గాని డీసెలును గాని గూర్చి మాత్రమే కాదు. అంతర్జాతీయ సముద్రసంస్థ 2023లో, సుమారు 2050 నాటికి ఓడల పొగవలన వాతావరణమునకు కలుగు హానిని నికరమున సున్నకు తేవలెనని నిర్ణయించినది. ఓడ ఆయుర్దాయము సుమారు 25 ఏండ్లు. అనగా నేడు చేరిన విద్యార్థి పట్టము పుచ్చుకొని మొదట గీయబోవు నోడ, ఏ నూనెతో, ఏ వాయువుతో నడువవలెనో ఇంకను నిశ్చయము కాని కాలమున తిరుగును. మిథనాలు, అమ్మోనియా, హైడ్రోజను అని చెప్పుచున్నారు. హైడ్రోజనుకు డీసెలుకంటె ఎన్నో రెట్లు చోటు కావలెను. ఆ తొట్లు పైన పెట్టిన బరువు కేంద్రము పైకి పోవును. మరల తంజావూరు బొమ్మ కథయే. పెద్దల చేతివాటము ఇచట దారి చూపదు, ఏలయన అట్టి యోడను పెద్దలెవరును కట్టి యుండలేదు.

విశాఖ రేవునకు గాని, కాకినాడ రేవునకు గాని పోవు శ్రోతలు ఒకటి గమనింపుడు. నిలిచియున్న సరకు ఓడ ప్రక్కను, నడిమిభాగమున, ఒక వలయము, దానిని నడుమ ఖండించు అడ్డగీత కనబడును. దాని చెంత నిచ్చెనమెట్లవలె చిన్న గీతలు, ఇంగ్లీషు అక్షరములు నుండును. ఓడ ఆ గీత మునుగునట్లు సరకు నింపరాదు. శామ్యూల్ ప్లిమ్సాల్ అను పార్లమెంటు సభ్యుడు పోరాడి 1876లో ఈ గుర్తును శాసనము చేయించెను. కాని గీత ఎచట గీయవలెనో యజమాని యిష్టమునకు విడిచిరి; ఒకడు దానిని పొగగొట్టముమీద గీయించెనని చెప్పుదురు! 1890 శాసనముతో గాని, లెక్కలు తెలిసినవారు కట్టిన పట్టికల ప్రకారము గీయుట నిర్బంధము కాలేదు. వేసవికొక గీత, శీతకాలమున కొక గీత, మన వేడిసముద్రములకొక గీత, నదులలోని మంచినీటికి వేరొక గీత. మంచినీరు ఉప్పునీటికంటె తేలిక గనుక అందు ఓడ మరికొంత మునుగును. వలయమునకు రెండుప్రక్కల రెండక్షరములుండును. అవి ఆ లెక్కను సరిచూచిన సంస్థ పేరునకు గుర్తు. మన దేశపు సంస్థ 1975లో ఏర్పడినది. దాని యక్షరములు "ఐ", "ఆర్". వానికొరకు చూడుడు.